బాల్డర్స్ గేట్ 3లో తోడు వచ్చే పాత్రలు: తరచుగా అడిగే ప్రశ్నలు

లారియన్ స్టూడియోస్ తీసిన ఈ గేమ్ 2023 ఆగస్టులో పీసీ మీద వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇప్పటికీ తగ్గలేదు, వాళ్ల ప్రశ్నలూ తగ్గలేదు. వాటిలో ఎక్కువ భాగం ఫైట్ల గురించి ఉండవు. ఫలానావాడు ఎక్కడ దొరుకుతాడు, ఫలానా ఆమె ఎందుకు అలిగి వెళ్లిపోయింది, ఇవే. కథలో కొన్ని మలుపులు బయటపెట్టకుండా వీటికి జవాబు చెప్పడం కుదరదు. అది ఇష్టం లేనివాళ్లు మొదటి మూడు ప్రశ్నలు చదివి ఆగిపోవచ్చు.

మొత్తం ఎంతమంది ఉన్నారు? ఒకేసారి ఎంతమందిని వెంట తీసుకెళ్లొచ్చు?

మొత్తం 10 మంది. షాడోహార్ట్, లేజెల్, ఆస్టారియన్, గేల్, విల్, కార్లాక్ అనే ఆరుగురు ఆరిజిన్ పాత్రలు, అంటే కావాలనుకుంటే గేమ్ మొదట్లోనే వీళ్లలో ఒకరిని ఎంచుకుని మీరే ఆ పాత్రగా ఆడొచ్చు. హాల్సిన్, మింథారా, జహీరా, మిన్స్క్ మాత్రం మధ్యలో వచ్చి కలుస్తారు. పార్టీలో మీతో కలిపి నలుగురికే చోటు. మిగతావాళ్లు క్యాంప్‌లో ఉంటారు.

మొదటి భాగంలో ఎవరు ఎక్కడ దొరుకుతారు?

లేజెల్ కథ మొదలయ్యే ఎగిరే ఓడలోనే కలుస్తుంది. ఓడ కూలాక విడిపోతుంది. తీరానికి ఉత్తరంగా వెళ్తే చెట్టుకు వేలాడదీసిన బోనులో ఉంటుంది, కింద ఇద్దరు టీఫ్లింగ్‌లు (కొమ్ములున్న జాతివాళ్లు) కాపలా. వాళ్లను మాటలతో పంపించేసి బోను కింది భాగాన్ని బాణంతో కొడితే చాలు.

షాడోహార్ట్ ఓడలో ఒక పాడ్‌లో ఇరుక్కుని ఉంటుంది. పక్క గదిలో దొరికే రూన్ అనే తాళంచెవి లాంటి వస్తువు తెచ్చి కన్సోల్‌లో పెడితే తెరుచుకుంటుంది. అక్కడ విడిపించకపోయినా ఫర్వాలేదు, తీరంలో మళ్లీ కనిపిస్తుంది. కాకపోతే వదిలేసి వెళ్లిన సంగతి ఆమెకు గుర్తుంటుంది.

ఆస్టారియన్ ఓడ శకలాలకు కాస్త పడమరగా నిలబడి, పొదలో ఏదో జీవి ఉంది, సాయం చేయమని పిలుస్తాడు. దగ్గరికి వెళ్తే గొంతు మీద కత్తి పెడతాడు. కంగారుపడకండి. మాటలతో సర్దిచెప్పినా, తలతో గుద్దినా చివరికి పార్టీలోకి వస్తాడు.

గేల్‌ను చాలామంది చూడకుండానే దాటిపోతారు. కొండ దారిలో, వేపాయింట్ (ఒక చోటి నుంచి మరో చోటికి వెంటనే వెళ్లే గుర్తు) పక్కనే ఊదారంగు సుడి ఒకటి ఉంటుంది. దాన్ని ముట్టుకుంటే లోపలి నుంచి ఒక చేయి బయటికొచ్చి తడుముకుంటుంది. పట్టుకుని లాగితే గేల్ బయటపడతాడు. ఆ చేతిని ఛెళ్లున కొట్టే ఆప్షన్ కూడా ఉంది. కొట్టి చూడండి, గేల్ ఏమీ అనుకోడు.

విల్ డ్రూయిడ్‌ల (ప్రకృతి ఆరాధకుల) తోట గేటు దగ్గర గాబ్లిన్‌లతో జరిగే ఫైట్‌లో మీ పక్షాన దూకుతాడు. తర్వాత లోపల పిల్లలకు కత్తిసాము నేర్పుతూ ఉంటాడు, అక్కడే మాట్లాడి చేర్చుకోవాలి. కార్లాక్ అందరికంటే దూరంగా, రిజెన్ రోడ్ దాటాక నది ఒడ్డున గాయాలతో కూర్చుని ఉంటుంది.

ఒకరిని చేర్చుకోకుండా ముందుకెళ్లిపోయాను. మళ్లీ దొరుకుతారా?

మొదటి భాగం మ్యాప్‌లోనే ఉన్నంతవరకు దొరుకుతారు. రెండో భాగం జరిగే శాపపు చీకటి ప్రాంతం వైపు వెళ్లబోతుంటే, పనులన్నీ ముగించుకున్నారా అని గేమ్ ఒక హెచ్చరిక చూపిస్తుంది. దాన్ని పట్టించుకోకుండా ఓకే నొక్కేసి వెళ్లిపోతే, వెనక మిగిలినవాళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు.

విల్ కార్లాక్‌ను చంపమంటున్నాడు. చంపాలా?

వద్దు. ముందు ఆమెతో మాట్లాడండి. విల్‌కు చెప్పిన కథ వేరు, అసలు సంగతి వేరు. టోల్ హౌస్‌లో కూర్చుని ఆమెను వెతుకుతున్న టిర్ దేవుడి భక్తులు కూడా నకిలీలే. ఆమెను బతకనిస్తే, మిజోరా అనే దెయ్యంతో విల్ చేసుకున్న ఒప్పందం ప్రకారం అతనికి శిక్ష పడుతుంది. మిజోరా క్యాంప్‌కు వచ్చి అతనికి కొమ్ములు మొలిపిస్తుంది. చూడ్డానికి బాధగానే ఉంటుంది కానీ, ఆ కొమ్ములతోనే అతని కథ రక్తి కడుతుంది. కార్లాక్‌ను పోగొట్టుకోవడంతో పోలిస్తే కొమ్ములు ఎంత!

అప్రూవల్ ఎలా పనిచేస్తుంది?

ప్రతి ఒక్కరికీ మీ మీద లోపల ఒక లెక్క నడుస్తుంటుంది. మీరు చేసిన పని నచ్చితే పెరుగుతుంది, నచ్చకపోతే తగ్గుతుంది. తెర మీద ఫలానావారు మెచ్చుకున్నారు, ఫలానావారికి నచ్చలేదు అని ఒక ముక్క కనిపించి మాయమవుతుంది. ఇప్పుడు ఏ స్థాయిలో ఉందో వాళ్ల క్యారెక్టర్ షీట్‌లో చూడొచ్చు. మరీ అడుగుకు పడిపోతే నిలదీస్తారు, అప్పటికీ సర్దుకోకపోతే మూటాముల్లె సర్దుకుంటారు.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మామూలు సంఘటనలకు ఆ సమయంలో పార్టీలో ఉన్నవాళ్లే స్పందిస్తారు. క్యాంప్‌లో ఉన్నవాళ్ల వరకు వెళ్లేవి పెద్ద నిర్ణయాలు మాత్రమే. కాబట్టి ఒక చోట నచ్చని పని చేయబోతున్నారని ముందే తెలిస్తే, నొచ్చుకునేవాళ్లను క్యాంప్‌లో వదిలి వెళ్లొచ్చు. దీన్ని మోసం అనేవాళ్లున్నారు. నాకైతే అలా అనిపించదు. పక్కన లేనివాళ్లకు తెలియకపోవడం సహజమే కదా.

స్వభావాలు గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. కార్లాక్, విల్ బలహీనుల పక్షాన నిలబడితే సంతోషిస్తారు. ఆస్టారియన్‌కు పరోపకారం అంటే ఒళ్లు మంట, ఎవరైనా అవస్థ పడుతుంటే వినోదం. లేజెల్‌కు సూటిగా, తెగించి మాట్లాడేవాళ్లు కావాలి. షాడోహార్ట్ తన రహస్యాలను తవ్వొద్దంటుంది, అడగడం మానేస్తేనే దగ్గరవుతుంది. జంతువుల మీద దయ చూపినా ఆమెకు నచ్చుతుంది. గేల్‌కు మాయావిద్య మీద ఆసక్తి, సాటి మనిషి మీద జాలి, రెండూ కావాలి.

అయితే ప్రతి డైలాగ్ ముందు సేవ్ చేసి, ఎవరికీ నచ్చకపోతే లోడ్ చేస్తూ ఆడటం అనవసరమైన టెన్షన్. ఒకటి రెండు సార్లు తగ్గినంత మాత్రాన ఎవరూ వెళ్లిపోరు. ఈ గేమ్‌లో తోడు వచ్చినవాళ్లను దూరం చేసేది చాలాసార్లు తప్పుడు జవాబు కాదు. రాత్రిళ్లు క్యాంప్‌కు వెళ్లకపోవడం ఒకటి, వాళ్లకు సంబంధించిన చోటికి వాళ్లను వెంట తీసుకెళ్లకపోవడం రెండోది. ఈ రెండింటి గురించి కింద వివరంగా రాశాను.

తరచూ లాంగ్ రెస్ట్ (క్యాంప్‌లో రాత్రి పడుకోవడం) తీసుకుంటే కథలో సమయం మించిపోతుందా?

ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. తలలో పురుగు ఉందని, కొద్ది రోజుల్లో మైండ్ ఫ్లేయర్‌లు అనే రాక్షసులుగా మారిపోతామని అందరూ భయపెడుతుంటారు. దాంతో ఆటగాళ్లు నిద్ర కూడా పోకుండా పరుగెడతారు. నిజానికి గేమ్ ఆ రోజులు లెక్కపెట్టదు. ఎన్ని రాత్రులు పడుకున్నా పురుగు వల్ల ఏమీ కాదు.

పైగా తోడు వచ్చినవాళ్ల కథంతా ఆ రాత్రుల్లోనే ఉంది. రక్తపిశాచి అయిన ఆస్టారియన్ రక్తం కోసం మీ పక్క దగ్గరికి రావడం, గేల్ తన రోగం సంగతి బయటపెట్టడం, మిజోరా రాక, అన్నీ క్యాంప్‌లోనే. ఇవి క్యూలో ఉంటాయి, సాధారణంగా రాత్రికి ఒకటి చొప్పున వస్తాయి. మీరు అరుదుగా పడుకుంటే క్యూ పెరిగిపోతుంది, కథ ముందుకు జరిగాక పాతబడ్డవి రాకుండానే పోతాయి. తల మీద ఆశ్చర్యార్థకం కనిపించిందంటే చెప్పాల్సింది ఏదో ఉందన్నమాట. పడుకునే ముందే వెళ్లి పలకరించండి.

బ్యాలెన్స్‌డ్ అనే మధ్యస్థ కష్టం స్థాయిలో ఒక లాంగ్ రెస్ట్‌కు 40 క్యాంప్ సప్లైలు (తిండి సరుకు) కావాలి, అంతకంటే కష్టమైన టాక్టీషియన్‌లో 80. డబ్బాలు, పీపాలు, వంటగదులు వెతికితే కావలసినన్ని దొరుకుతాయి. సరుకు లేకుండా పడుకుంటే ప్రాణశక్తి, మంత్రాలు సగమే తిరిగొస్తాయి. ఒక లాంగ్ రెస్ట్‌కు మరో లాంగ్ రెస్ట్‌కు మధ్య రెండు షార్ట్ రెస్ట్‌లు ఉంటాయి, వాటికి సరుకు అక్కర్లేదు.

నిజంగా తొందరపడాల్సిన చోట్లు కొన్నే. వాకీన్స్ రెస్ట్ సత్రం తగలబడుతుండగా చూసి, వెళ్లి పడుకుంటే లోపలివాళ్లు దక్కరు. గ్రిమ్‌ఫోర్జ్‌లో రాళ్ల వెనక విషవాయువు మధ్య ఇరుక్కున్న నీర్ అనేవాడి సంగతీ అంతే.

ఎవరిని ఎక్కడికి తప్పకుండా తీసుకెళ్లాలి?

లేజెల్‌ను ఆమె జాతివాళ్లైన గిథ్యాంకీల స్థావరం క్రెష్‌కు. కొండ దారిలో రోజీమోర్న్ మఠం కింద ఉంటుంది. ఆమె నమ్ముకున్నదంతా తలకిందులయ్యేది అక్కడే. ఆమె లేకుండా వెళ్తే ఏదో ఒక స్థావరం మీద దాడి చేసి వచ్చినట్టు ఉంటుంది, అంతే.

షాడోహార్ట్‌ను రెండో భాగంలో ఆమె కొలిచే షార్ దేవత గుడి గాంట్లెట్ ఆఫ్ షార్‌కు, ముఖ్యంగా దాని చివర నైట్‌సాంగ్ అనే బందీ దగ్గరికి. ఆమె జీవితాన్ని తేల్చే నిర్ణయం అక్కడ ఉంది. అప్పటిదాకా ఆమెతో స్నేహంగా ఉండి ఉంటే, నైట్‌సాంగ్‌ను చంపడానికి ఈటె ఎత్తినప్పుడు మీరు అడ్డుపడక్కర్లేదు. నోరు మూసుకుని నిలబడితే తనే సరైన నిర్ణయం తీసుకుంటుంది. అప్రూవల్ ఎందుకు కూడబెట్టుకోవాలో ఆ ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

అదే గాంట్లెట్‌లో యుర్గిర్ అనే ఆర్థాన్ (నరకపు యోధుడు) ఉంటాడు. అతన్ని వదిలించుకుంటే ఆస్టారియన్ వీపు మీది గాట్ల అర్థం చెబుతానని రాఫేల్ అనే దెయ్యం మాట ఇస్తాడు. కాబట్టి రెండో భాగంలో షాడోహార్ట్, ఆస్టారియన్ ఇద్దరినీ కలిపి తిప్పడం తెలివైన పని. మూడో భాగంలో ఆస్టారియన్ పాత యజమాని కాజడార్ భవనానికి అతను లేకుండా అడుగు పెట్టకండి. కార్లాక్‌ను నరకానికి అమ్మేసిన గోర్టాష్ ఎదురుపడే చోట ఆమె, డ్యూక్ రావెన్‌గార్డ్ వ్యవహారంలో విల్ పక్కన ఉండాలి. రావెన్‌గార్డ్ విల్ తండ్రి.

కార్లాక్‌ను ముట్టుకుంటే కాలుతోందట. దీనికి మార్గం ఏమిటి?

ఇన్ఫర్నల్ ఐరన్ (నరకపు ఇనుము) దొరికినప్పుడల్లా దాచండి. తోటలో ఉన్న డామన్ అనే కమ్మరి ఆమె గుండెలోని ఇంజిన్‌ను మొదటిసారి సరిచేస్తాడు. రెండో మరమ్మతు రెండో భాగంలోని లాస్ట్ లైట్ సత్రంలో, అతని చేతనే. అది అయ్యాక ఆమెను ముట్టుకోవచ్చు. ఈ గేమ్ రెండోసారో మూడోసారో ఆడేవాళ్లు కూడా ఆ కౌగిలి సన్నివేశాన్ని స్కిప్ చేయరు.

ఇక్కడ ఒక గండం ఉంది. సత్రం పైఅంతస్తులో ఇసోబెల్ అనే ఆమెతో మాట్లాడగానే మార్కస్ అనే శత్రువు ఆమెను ఎత్తుకెళ్లడానికి వస్తాడు. ఆమె పడిపోతే సత్రాన్ని కాపాడే వెలుగు ఆరిపోతుంది. డామన్‌తో సహా అక్కడున్నవాళ్లు దాదాపు అంతా పోతారు. మెట్లెక్కే ముందు సేవ్ చేయండి, మీవాళ్లను ఆమె చుట్టూ నిలబెట్టాకే మాట్లాడండి.

గేల్ మ్యాజిక్ వస్తువులు అడుగుతున్నాడు. ఇవ్వకపోతే?

ఇవ్వండి. ఒకటికి రెండుసార్లు కాదంటే అతని ఆరోగ్యం పాడవుతుంది, చివరికి వదిలి వెళ్లిపోతాడు. మంచి వస్తువే ఇవ్వాలని ఏమీ లేదు. మీకు పనికిరాని చిన్న ఉంగరమో, ఎవరూ వాడని చేతి తొడుగులో అయినా అతనికి చాలు.

షాడోహార్ట్, లేజెల్ కొట్టుకుంటున్నారు. ఏం చేయాలి?

వాళ్లకు పడదు. ఒక రాత్రి అది కత్తుల దాకా వస్తుంది. మధ్యలోకి వెళ్లి ఆపండి. మీకేం పట్టనట్టు మళ్లీ పడుకుంటే తెల్లారేసరికి ఒకరు తగ్గిపోతారు.

హాల్సిన్, మింథారా ఇద్దరూ కావాలంటే కుదురుతుందా?

కుదురుతుంది. మొదట్లో కుదిరేది కాదు. మింథారా కావాలంటే గాబ్లిన్‌లతో కలిసి తోట మీద పడాల్సిందే. అలా చేస్తే టీఫ్లింగ్‌లు చనిపోతారు, కార్లాక్, విల్ ఛీకొట్టి వెళ్లిపోతారు, హాల్సిన్ మీకు దక్కడు. ఒక్కరి కోసం ముగ్గురిని వదులుకోవడం అన్నమాట. 2023 నవంబర్ చివర్లో వచ్చిన ప్యాచ్ 5 దీన్ని మార్చింది.

ఇప్పుడు చేయాల్సింది ఇది. గాబ్లిన్ క్యాంప్‌కు వెళ్లే ముందు పాసివ్స్ ట్యాబ్‌లో నాన్ లీథల్ (చంపకుండా పడగొట్టే) దాడి ఆన్ చేయండి. అక్కడి ముగ్గురు నాయకుల్లో ఒకరైన మింథారాకు తగిలే ఆఖరి దెబ్బ చేతితోనో, దగ్గరి నుంచి కొట్టే ఆయుధంతోనో పడాలి. బాణాలకు, మంత్రాలకు ఈ సెట్టింగ్ పనిచేయదు. నిప్పు, విషం లాంటివి ఆమె ఒంటి మీద మిగిలి ఉంటే అవే చంపేస్తాయి, కాబట్టి ఆమె ప్రాణశక్తి తగ్గాక గేల్‌ను కాసేపు చేతులు కట్టుకుని నిలబడమనండి. ఆమె స్పృహ తప్పాక అక్కడే వదిలేయండి. మిగతా ఇద్దరు నాయకులను ఏం చేయాలనుకున్నారో చేసి, బోనులో ఎలుగుబంటి రూపంలో ఉన్న హాల్సిన్‌ను విడిపించండి.

రెండో భాగంలో శత్రువుల కోట మూన్‌రైజ్ టవర్స్‌కు ముందుగానే వెళ్లాలి. అక్కడి అధిపతి కెథరిక్ సింహాసనం ముందు మింథారాకు విచారణ జరుగుతూ ఉంటుంది, తర్వాత కింది చెరసాలకు పంపిస్తారు. అక్కడి నుంచి తప్పిస్తే మీతో వచ్చేస్తుంది. గాంట్లెట్ ఆఫ్ షార్ పూర్తి చేశాక వెళ్దాంలే అనుకుంటే ఆమె దక్కదు. ఇదంతా ముందే తెలిసి ఉండాల్సిన పని. మొదటిసారి ఆడుతూ ఎవరికైనా తోచిందంటే నేను నమ్మను.

హాల్సిన్ మాత్రం విడిపించగానే పార్టీలోకి రాడు. క్యాంప్‌లో ఉంటాడు. రెండో భాగంలో ఆ నేలకు పట్టిన శాపం తీర్చే పనిలో తోడుంటేనే పూర్తిస్థాయి సభ్యుడవుతాడు.

జహీరా, మిన్స్క్ సంగతి?

జహీరా లాస్ట్ లైట్‌లో కలుస్తుంది, మూన్‌రైజ్ మీద దాడిలో మీ వెంట వస్తుంది. ఆ ఫైట్‌లో ఆమె శత్రువుల మధ్యకు దూకుతుంది, కనిపెట్టుకుని ఉండండి. బతికితే తర్వాత మీతోనే. మూడో భాగంలో స్టోన్ లార్డ్ అనే నేర ముఠా నాయకుడి జాడ పట్టుకుని మురుగు కాలువల్లోకి దిగేటప్పుడు ఆమె పార్టీలో ఉండి తీరాలి. మిన్స్క్ దొరికేది అలాగే. అతనితో పాటు బూ అనే చిట్టెలుక కూడా.

విథర్స్ ఎందుకు పనికొస్తాడు?

తీరం దగ్గరి పాత సమాధిలో పడుకుని ఉండే అస్థిపంజరం. లేపకపోయినా తర్వాత తనే క్యాంప్‌కు వచ్చి నిలబడతాడు. చనిపోయినవాళ్లను 200 బంగారు నాణేలకు బతికిస్తాడు, శవం ఎక్కడో లోయలో పడిపోయినా సరే. 100 నాణేలకు ఎవరి క్లాస్ అయినా మారుస్తాడు. అదే 100కు హైర్‌లింగ్‌లను ఇస్తాడు. వాళ్లకు కథ ఉండదు, చెప్పిన పని చేస్తారు. అతని జేబు కొట్టి ఆ నాణేలు తిరిగి తీసుకోవచ్చు కూడా.

క్లాస్ మార్చినా కథ మారదని గుర్తుంచుకోండి. షాడోహార్ట్‌ను దొంగగా మార్చినా ఆమె షార్ భక్తురాలే. ఆమెను క్లెరిక్‌గానే (దైవశక్తితో మంత్రాలు వేసే క్లాస్) ఉంచి, అందులోని ట్రిక్కరీ డొమైన్ అనే శాఖ తీసేసి లైఫ్ లేదా లైట్ డొమైన్ ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. గైడెన్స్ మంత్రం ఎలాగూ చేతిలో ఉంటుంది. డైలాగ్‌లో పాచిక వేసే ముందు దాన్ని మాట్లాడేవాళ్ల మీద వాడితే నాలుగు ముఖాల పాచిక ఒకటి కలుస్తుంది.

క్యాంప్‌లో వదిలేసినవాళ్లు లెవెల్‌లో వెనకపడతారా?

పడరు. అందరికీ ఒకే అనుభవం పాయింట్లు వస్తాయి. ఎన్నాళ్ల తర్వాత పిలిచినా మీ లెవెల్‌కే వస్తారు, గరిష్ఠంగా 12. లెవెల్ అప్ నొక్కడం ఒక్కటే మిగులుతుంది. కాబట్టి మనుషులను మార్చడానికి సంకోచించకండి. ముందు వరుసలో కాచుకునే ఒకరు, తాళాలు తీసే ఒకరు, గాయాలు మాన్పే ఒకరు ఉంటే బ్యాలెన్స్‌డ్‌లో ఏ కలయికైనా నడుస్తుంది.

మాటల్లో ఆస్టారియన్ నైపుణ్యాలు ఎందుకు లెక్కలోకి రావట్లేదు?

ఎవరు వెళ్లి పలకరిస్తే వాళ్ల నైపుణ్యాలే గేమ్ చూస్తుంది. అందుకే ముఖ్యమైనవాళ్ల దగ్గరికి మాటకారిని ముందు నడిపించండి. కొన్ని సన్నివేశాలు మాత్రం ఎవరు ముందు అడుగుపెడితే వాళ్లనే పట్టుకుంటాయి, వాటికి ఇన్‌స్పిరేషన్ పాయింట్లు (పాచిక మళ్లీ వేసే అవకాశాలు) దాచుకోవాలి. ఒకేసారి నాలుగు వరకే నిలవ ఉంటాయి. పార్టీలో ఉన్నవాళ్ల నేపథ్యాలకు తగిన పనులు చేస్తే అవి వస్తాయి. గేల్ పండితుడు, లేజెల్ సైనికురాలు, విల్ జనం మెచ్చిన వీరుడు.

ప్రేమ వ్యవహారాలు?

మొదటి భాగం చివర జరిగే విందు రాత్రికి అప్రూవల్ బాగుంటే దారి తెరుచుకుంటుంది. ఆ రాత్రి అందరితో మాట్లాడి, చివరగా ఒకరిని ఎంచుకోండి. గేమ్ విడుదలైన కొత్తలో గేల్ చిన్న మంచి మాటకే ప్రేమలో పడిపోయేవాడు. అది బగ్ అని లారియన్ వాళ్లే ఒప్పుకుని సరిచేశారు.

ఇద్దరు ముగ్గురు స్నేహితులం కలిసి ఆడితే పార్టీ ఎలా?

ప్రతి ఆటగాడికీ ఒక చోటు పోతుంది. నలుగురు ఆడితే తోడు వచ్చేవాళ్లకు చోటే ఉండదు. వీళ్ల కథలు కావాలంటే ఇద్దరు ఆడటమే నయం. నలుగురి పరిమితి దాటించే మాడ్‌లు (ఆటగాళ్లు తయారుచేసిన మార్పులు) పీసీలో ఉన్నాయి, కాకపోతే ఫైట్లు మరీ తేలికైపోతాయి.

మూడో భాగంలో క్యాంప్‌లో ఒకరు తేడాగా మాట్లాడుతున్నారు. బగ్గా?

బగ్ కాదు. ఓరిన్ అనే శత్రువు రూపాలు మార్చగలదు. పార్టీలో లేని ఒకరిని ఎత్తుకెళ్లి వాళ్ల వేషంలో వచ్చి కూర్చుంటుంది. లేజెల్, గేల్, హాల్సిన్, మింథారా, లేదా క్యాంప్‌కు వచ్చిన యెన్నా అనే పాపకు ఈ ముప్పు ఉంది. ఎవరిని పోగొట్టుకోవడం అసలు ఇష్టం లేదో వాళ్లను అప్పటిదాకా వెంటే తిప్పండి. ఎత్తుకెళ్లడం జరిగాక మాత్రం ఓరిన్ గుడికి వెళ్లి విడిపించాల్సిందే, అంతవరకు ఆ పాత్ర మీకు అందుబాటులో ఉండదు.